నల్లరాళ్ళ ఊళ్ళో ఒక మెట్టు

కువైట్ మిర్కాబ్‌లో పాస్‌పోర్టు ఫొటోలు తీసే కొట్టొకటి ఉంది. మొన్న ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యువల్‌కి ఫొటో కావాల్సొచ్చి వెళ్ళాను. కొట్టతను నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి గడ్డం ఎత్తమన్నాడు. ఎత్తాను. ఎదురుగోడ మీద, అతని తలకి కాస్త పైన, ఏదో ట్రావెల్స్ వాళ్ళిచ్చిన కొత్త క్యాలెండరు వేలాడుతోంది. దానిమీది బొమ్మ చూడగానే ఎత్తిన గడ్డం దించేశాను. ముందు భయమే వచ్చింది. అది ఏ ఊరో తర్వాత గుర్తొచ్చింది.

"ఏమైంది బెహన్? నవ్వకపోయినా ఫర్వాలేదు, ఊరికే ఇటు చూడు చాలు" అన్నాడు కొట్టతను ఉర్దూలో.

బొమ్మలో సన్నటి రాతి సందు, రెండు పక్కలా ముసలి రాతి ఇళ్ళు, కిటికీల్లో ఎర్ర పూలకుండీలు, సందు చివర చర్చి గోపురం ఉన్నాయి. ఎవరైనా ఎంత బాగుందో అంటారు. ఫ్రాన్సు దేశంలో చిన్న ఊరది. దాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడివాళ్ళో డబ్బు పోసుకుని వస్తారు. పేరు నాకు అప్పుడూ నోరు తిరగలేదు, ఇప్పుడూ తిరగదు. అక్క దానికి నల్లరాళ్ళ ఊరని తనే ఒక పేరు పెట్టేసింది. మా ఇద్దరి మధ్యా అదే పేరు.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. నేను కోనసీమ దాన్ని, ఆవిడది రాజంపేట పక్క. జాబ్రియాలో ఒకే ఇంట్లో పనిచేశాం. ఆవిడ వంట, నేను పిల్లలూ, బయటి ఊడుపూ. ఆవిడ పోయిందన్న కబురు పోయిన రంజాను నెలలో తెలిసింది. ఆరోజు ఏడవలేదు. ఏడుపు రాలేదు, అంతే. ఈ క్యాలెండరు చూశాకే ఆవిడ లేదని తెలిసొచ్చింది.

నా జీవితంలో అంత భయస్తురాలిని నేను చూడలేదు. ఇఖామా కార్డుని ప్లాస్టిక్ కవరులో పెట్టి, గుడ్డసంచి కుట్టి, రవికె లోపల వేసుకునేది. అందరూ పర్సులో పెట్టుకుంటారు కదా అంటే వినేది కాదు. ఫోను మోగితే చెయ్యి ఆ సంచి మీదికి పోయేది. కాలింగ్ బెల్లు మోగితే పోయేది. టీవీలో పోలీసు బండి కనిపించినా పోయేది, అది ఏ దేశపు పోలీసైనా సరే. గ్యాసు కట్టేసి, వసారా దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి పోయి చూసి వచ్చేది. ఉల్లిపాయలు తరిగినా గోడకి వీపు ఆనించి కూర్చునే తరిగేది. తలుపుకి వీపు పెట్టి ఆవిడ నిలబడగా నేనెప్పుడూ చూడలేదు. ఇక వంటింటి తలుపు ముయ్యనిచ్చేదే కాదు. బియ్యం బస్తా అడ్డం పెట్టేది. ఏసీ చల్లదనమంతా పోతోందని మామా, అంటే మా ఇంటి యజమానురాలు, ఎన్నిసార్లు తిట్టిందో. మామా వెళ్ళగానే బస్తా మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చేది.

ఆవిడ నోట ఎప్పుడూ ఉండే మాట ఒకటే. "గమ్మునుండు మ్మే."

నేను పాట పాడుకుంటే "గమ్మునుండు మ్మే." పక్కింటి ఫిలిప్పీన్స్ పిల్లతో గోడ మీంచి మాట్లాడితే "గమ్మునుండు మ్మే." ఒకసారి మామా కొడుకు తన చెప్పు తనే తొక్కుకుని బోర్లా పడితే నాకు నవ్వాగలేదు. అక్క వచ్చి నా నోరు తన చేత్తో మూసేసింది. "నగబాక. నగినోళ్ళను గుర్తు పెట్టుకుంటారు" అంది. ఆ చేతికి ఎప్పుడూ బ్లీచు వాసనే.

భయం జలుబులాంటిది, ఒక గదిలో పడుకుంటే అంటుకుంటుంది. వచ్చిన కొత్తలో ఆవిడని చూసి నవ్వుకున్నదాన్ని, కొన్నాళ్ళకి నేనూ గ్యాసు చూడ్డానికి వెనక్కి పోవడం మొదలెట్టాను.

మామా చెడ్డది కాదు. పండగకి కొత్త బట్టలిచ్చేది, ఒంట్లో బాగోకపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళేది. కానీ ఆవిడకో వేలుండేది. కుడిచేతి చూపుడువేలు. నడుస్తూ నడుస్తూ కిటికీ అంచు మీదో, టీవీ వెనకో ఆ వేలు రాసి, వెలుతురుకి పట్టి చూసుకునేది. దుమ్ము కనిపిస్తే తిట్టేది కాదు. బొటనవేలితో నెమ్మదిగా రుద్దుకుంటూ మావైపు చూసేది. కువైట్‌లో ఇసకగాలి లేస్తే తుడిచిన గంటకే మళ్ళీ దుమ్ము. అయినా ఆ వేలు ఆగేది కాదు. బయటి పని నాదే అయినా, అక్క ఆ వేలికోసమే తెల్లారకముందే లేచి ముంగిలంతా పైపుతో కడిగి, మెట్లు బ్లీచేసి తోమేది. మామా తనని వద్దంటుందేమో, ఇంటికి పంపేస్తుందేమో అన్నదే ఆవిడ దిగులు.

అందరం సెలవుకోసం ఏడ్చేవాళ్ళం. ఆవిడ సెలవంటే ఏడ్చేది. ఒక రోజు మామా తనంతట తనే పిలిచి, "నీకు టిక్కెట్టు తీస్తాను, రెండు నెలలు ఇంటికి పోయి రా" అంది. అక్క అక్కడే కింద కూలబడి మామా కాళ్ళు పట్టుకుంది. "లా మామా, లా మామా" అంటూ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. ఇలాంటి పనిమనిషి ఎవరికి దొరుకుతుందని మామా మురిసిపోయి చుట్టాలందరికీ చెప్పుకుంది. మా వీధి డ్రైవర్లు మాత్రం ఆవిడకి ఆశ ఎక్కువని చెప్పుకున్నారు.

ఆరోజు వంటింట్లో అడిగాను. "అదేంటక్కా, పోతామంటే పంపేవాళ్ళే లేక మేవుంటే, ఇస్తానన్న సెలవు వద్దంటావేంటి?"

ఆవిడ ద్రాక్షాకుల్లో అన్నం పెట్టి చుడుతోంది. ఇంకో ఆకు తీసి పరిచింది.

"నీకి పెండ్లి కాల్యా, తెలీదులే మ్మే" అంది. "ఆ మనిషి పగటి పూట ఇంట్లోకి వచ్చి లోపల గొళ్ళెం పెడతాడు. ఆ సద్దు ఇంటే నా పానం ఆడ్నే పోతాది."

"కొడతాడా?"

"కొట్టేది కొడతాడు. అది సరే, అయిపోతాది. గొళ్ళెం పెట్టి, కొట్టకుండా, ఏం మాట్లాడకుండా, గమ్మున నిలబడి సూస్తాడు సూడు. ఎంతసేపు సూస్తాడో తెలీదు. అదే నాకు భయ్యం." ఆకు చుట్టడం పూర్తిచేసి గిన్నెలో పెట్టింది. "ఈడ మామా తిడతాది. తిట్టనీ. తిట్టు తగిల్తే ఎముక ఇరగదు."

అప్పుడు అర్థమైంది, బియ్యం బస్తా ఎందుకో. నేను భయపడుతూ వచ్చిన దేశం ఆవిడకి దాక్కునే చోటు.

ఆగస్టు ఎండలకి మామా వాళ్ళు ఏటా ఎక్కడికో పోయేవారు. నేను చేరిన ఏడు మమ్మల్నిద్దర్నీ కూడా తీసుకెళ్ళారు. ప్రయాణానికి అక్క పెట్టె సర్దుతుంటే చూశాను. రెండు జతల బట్టలు, జండూబామ్ లాంటిదేదో ఒక సీసా, మిగతా చోటంతా పాత తువ్వాళ్ళలో చుట్టిన బ్లీచు డబ్బా, ఇనప పీచు.

"అక్కడ కూడా అమ్ముతారక్కా."

"అమ్మకుంటే? మామా ఏలు ఈడ్నే పెట్టిపోతాదా?" అంది.

అద్దెకి తీసుకున్న ఇల్లు సరిగ్గా ఆ క్యాలెండరు సందులోనే. తలుపుకి పెద్ద ఇనప రింగు, గుమ్మం ముందు ఒకే ఒక్క వెడల్పాటి రాతిమెట్టు. ఎన్ని తరాల కాళ్ళు తొక్కాయో, నడిమిన గుంటపడిపోయింది. మెట్టూ, ద్వారబంధం రాళ్ళూ, సందులో ఇళ్ళన్నీ నల్లగా, నాచు పట్టి ఉండేవి. మామా పెద్దకూతురు కాలేజీలో ఆ భాష నేర్చుకుంది. భోజనాల దగ్గర తమ్ముళ్ళకి చెప్తుంటే వడ్డిస్తూ మేమూ విన్నాం. ఈ ఊళ్ళో ఏదీ మార్చకూడదట. కిటికీకి రంగు వెయ్యాలన్నా ఊరి ఆఫీసువాళ్ళు ఒప్పుకోవాలట. పాతది పాతగా ఉందనే జనం వస్తారట.

"పాతది సూసేదానికి ఇమానమెక్కి రావల్నా? మా ఇంటికొస్తే అంతా పాతదే గదా" అంది అక్క నా చెవిలో. ఆవిడ వేసిన హాస్యాల్లో నాకు గుర్తున్నది ఇదొక్కటే.

ఆ ఊరు ఆవిడని ఒక్క గంట కూడా నెమ్మదిగా ఉండనివ్వలేదు. చర్చి గంట నాకు మా ఊరిని గుర్తుచేసి హాయిగా ఉండేది. ఆవిడ ప్రతి గంటకీ ఉలిక్కిపడి సంచి మీద చెయ్యి వేసుకునేది. ఎదురింటి చూరుకి నోరు తెరుచుకున్న రాతి మొహాలుండేవి. వానొస్తే వాటి నోట్లోంచి నీళ్ళు కక్కేవి. అక్క అటువైపు చూసేదే కాదు. రాత్రి భోజనాల వేళ దాటినా పొద్దు గుంకేది కాదు. ఇదేం మాయ అని కర్టెన్లు లాగేది. అన్నిటికన్నా పెద్ద గొడవ వంటింటి కిటికీ. అది సందులోకే ఉంది. గొడుగు పైకెత్తి పట్టుకున్న ఒక అమ్మాయి వెనక జనం గుంపులు గుంపులుగా వచ్చి, కిటికీలోంచి తొంగిచూసి ఫొటోలు తీసేవాళ్ళు. వాళ్ళు తీసేది ఇంటి గోడల్ని. అక్క మాత్రం తననే అనుకునేది. కిటికీ కింద నేలమీద చతికిలబడి, తల అంచు దాటకుండా, అక్కడే కూరలు తరిగేది. అంత ముద్దొచ్చే ఊళ్ళో ఆవిడ చూసిందల్లా ఆ కిటికీ కింది గోడ. పాస్‌పోర్టులు మామా సంచిలో ఉన్నాయి. అవి పోతే మనం ఎవరం మ్మే, అని రోజూ అడిగేది.

ఒకరోజు మామా తెల్లబూట్లు వేసుకుని షికారుకి బయల్దేరింది. గుమ్మం దగ్గర అలవాటు ప్రకారం ద్వారబంధం మీద వేలు రాసింది. వెలుతురుకి పట్టి చూసింది. బొటనవేలితో రుద్దుకుంటూ వెళ్ళిపోయింది. మామా ఏమీ అనుకుని ఉండదు, వేలికి అలవాటు, అంతే. కానీ కిటికీ కింద నుంచి తల కాస్త ఎత్తి అక్క చూసింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే చెత్త పారేద్దామని తలుపు తీశాను. గుమ్మం బయట అక్క మోకాళ్ళ మీద ఉంది. మెట్టు, ద్వారబంధం నడుమెత్తు దాకా, అప్పుడే ఒలిచిన వెల్లుల్లి రెబ్బలా తెల్లగా ఉన్నాయి. నల్లటి సందు మొత్తంలో ఆ ఒక్క గుమ్మమే. చేతులు పొక్కిపోయి ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. ఆవిడ అలా నవ్వగా చూడ్డం అదే మొదలు.

"ఇబ్బుడు ఏలు పెట్టి సూడనీ మామాను" అంది.

"అక్కా, ఏదీ మార్చకూడదన్నారు కదా."

"రంగు ఎయ్యొద్దన్నారు మ్మే. కడగొద్దని ఎవురన్నారు?"

నిజమే. కడగొద్దని మాకు ఇంతవరకూ ఏ దేశంలోనూ ఎవరూ చెప్పలేదు.

ఎదురింటి ముసలమ్మ కిటికీ రెక్క తెరిచింది. చూసి, నోటిమీద చెయ్యి పెట్టుకుని రెక్క మూసేసింది. అరవలేదు. అరిచినా బాగుండేది. అక్క మొహంలో నవ్వు పోయింది. బకెట్టు తీసుకుని గబగబా లోపలికి పోయి కిటికీ కింద కూర్చుంది. కాసేపటికి ఇంటి ఓనరమ్మ, ఊరి ఆఫీసునుంచి గడ్డం పెంచుకున్న ఒక పెద్దాయన వచ్చారు. గొడుగు అమ్మాయి గుంపు కూడా ఆగిపోయింది. కెమెరాలన్నీ మా మెట్టు మీదే. పెద్దాయన గొంతుక్కూర్చుని రాయి మీద అరచెయ్యి పెట్టాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత లేచి ఏదో అన్నాడు. అందులో పోలీసు అన్న మాట మాకిద్దరికీ తెలిసిపోయింది, అది అన్ని భాషల్లోనూ ఒకటే.

మామా పెద్దకూతురు అరబ్బీలో చెప్పింది. "ఎవరు చేశారని అడుగుతున్నాడు."

మామా నావైపు తిరిగింది. బయటి పని నాది, చెత్తబుట్ట ఇంకా నా చేతిలోనే ఉంది. "ఇంతి?" అంది. నువ్వేనా అని. కాదంటే అక్క పేరు చెప్పాలి. అవునంటే నా సంగతి ముగిసినట్టే. నేను కువైట్ వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. ఏ మొహం పెట్టుకుని ఇంటికి పోవాలి? చేతిలో బుట్ట ఊగి, అందులో సీసాలు చప్పుడు చేస్తున్నాయి. ఆ చప్పుడు తప్ప సందులో ఇంకేమీ లేదు. పెద్దాయన చేతులు కట్టుకుని, ఏమీ అనకుండా, నన్నే చూస్తున్నాడు.

"ఖలాస్, ఇక అంతే" అంది మామా అందరి ముందూ. "ఎవరు చేశారో వాళ్ళు కువైట్ పోగానే ఇంటికే."

నా వెనక తలుపు చప్పుడైంది. కిటికీ కింద దాక్కునే మనిషి, ఫొటో అంటే తల వంచే మనిషి, ఆ కెమెరాలన్నిటి మధ్యకి వచ్చి నిలబడింది. తెరిచిన తలుపు ఆవిడ వీపు వెనక ఉంది.

"అనా మామా" అంది, నేనేనని. "అనా." రెండు చేతులూ ముందుకి చాపి చూపించింది. చర్మం ఊడి ఎర్రగా ఉన్నాయి.

పెద్దాయన రాయిని చూసినట్టే ఆ చేతుల్నీ చాలాసేపు చూశాడు. కూతురితో నెమ్మదిగా ఏదో చెప్పాడు. పోలీసు మాట మళ్ళీ రాలేదు. చేతులు చన్నీళ్ళలో పెట్టమన్నాడట. రాయిని ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదట, వానా నాచూ కలిసి దానంతటదే మళ్ళీ నల్లబడుతుందట, మనవళ్ళ కాలానికి.

"మళ్ళా నల్లబడతాదంటనా?" అని నన్ను అడిగింది అక్క. అవునన్నాను. ఊపిరి వదిలింది.

కానీ మామా మాట జనం ముందు అనేసింది. అన్నమాట తిప్పుకునే రకం కాదు. ఆ సాయంత్రం నాతో జాలిగానే అంది. "పాపం, పెద్దదైపోయింది, మతి నిలవడం లేదు. ఇన్నేళ్ళూ ఇంటికి పోలేదు. పోయి మొగుడి దగ్గర సుఖంగా ఉండనీ." ఆవిడకి అదొక మేలు. అక్క మొగుడి సంగతి చెప్పబోయాను. కిటికీ కిందనుంచి "గమ్మునుండు మ్మే" అని వినిపించింది.

తర్వాత ఆవిడ పక్కన నేలమీద కూర్చుని అడిగాను. "ఎందుకొచ్చావక్కా బయటికి? నన్ను పంపిస్తే మా అమ్మ దగ్గరికి పోయేదాన్ని. తిట్టేది, అంతే కదా. నువ్వెక్కడికి పోతావు?"

"నీకోసరం వచ్చినాననుకుంటాండావా?" అంది. చేతులు గిన్నెలో నీళ్ళలో ఉన్నాయి. "నాకి అంత దైర్నం యాడిది మ్మే. ఆ గడ్డపాయన అడిగి, గమ్మున నిలబడి సూసినాడు సూడు. అది నేను ఓర్సుకోలేను. నాకే తెలీకుండా కాళ్ళు లేసినాయి."

ఆవిడ చెప్పింది నిజమేనేమో. భయపడే బయటికి వచ్చిందేమో. కానీ ఆయన చూస్తున్నది నన్ను. ఆ చూపుకింద నేనున్నాను కాబట్టే ఆవిడ లేచింది. నేను అలాగే అనుకుంటాను, ఎవరేమన్నా సరే.

కువైట్ వచ్చిన వారానికి డ్రైవరు ఆవిడని ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళాడు. కారు తలుపు మూసుకోబోతుంటే కాలు అడ్డం పెట్టింది. డ్రైవరు "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు. నన్ను చూసింది. కాలు లోపలికి తీసుకుంది. తలుపు పడింది.

ఇప్పుడు నేను కువైట్‌లోనే అబూ హలీఫాలో ఉంటున్నాను. మా బిల్డింగులోకి అక్క ఊరావిడ ఒకావిడ వచ్చింది. పోయిన రంజానులో కబురు చెప్పింది ఆవిడే. ఇంటికి పోయాక ఎలా ఉండేదని అడిగాను. మొగుడు కొట్టేవాడా అని అడిగాను.

"యాడ కొడతాడు. ఈయమ్మ పొయ్యేతలికే పచ్చవాతమొచ్చి మంచంలో ఉన్న్యాడు. కాళ్ళూ చేతులూ పడిపాయ, మాట పడిపాయ. కండ్లొకటే. ఈయమ్మ యాడికి పోతే ఆడికి తిరిగేటివి. గమ్మున సూస్తా పండుకోనుండేటోడు. ఏండ్లకేండ్లు. ఈయమ్మే గంజి తాపేది. పొడుగు గంటెతో, చెయ్యందనంత దూరంలో నిలబడి తాపేది. పిచ్చిది, ఆయప్ప చెయ్యి లేస్తాదా? తలుపు మాత్రం ఎబ్బుడూ మూసేది కాదు. గుండురాయి ఒకటి అడ్డం పెట్టేది. ఆయప్ప పోయినంకా తియ్యల్యా."

నేను లేచి మా గది తలుపు దగ్గరికి పోయాను. ఎందుకో తెలీదు, దాన్ని తెరిచి పెట్టాను.

ఫొటోలు చేతికొచ్చినా మొన్న నేను కొట్టులోంచి కదల్లేదు. క్యాలెండరు దగ్గరికి పోయి నిలబడ్డాను. ఇనప రింగు తలుపుకోసం వెతికాను. సందు మలుపులో, పూలకుండీ కింద దొరికింది. బొమ్మలో గోరంత ఉంది మెట్టు. చుట్టూ రాళ్ళన్నీ నల్లగా ఉన్నాయి.

అదొక్కటే ఇంకా నల్లబడలేదు. నేను దానిమీద చూపుడువేలు రాసి, మామా చేసినట్టే వెలుతురుకి పట్టి చూసుకున్నాను. ఏమీ అంటలేదు.